కావలసిన అర్హతలు

ఆదాంకి ఇంగ్లీషు అక్షరాలు నేర్పింది అతని బావ ప్రేమదాసు మాస్టారు. ఆ తర్వాత జరిగింది తలుచుకున్నప్పుడల్లా ఆదాంకి ముందు గుర్తొచ్చేది అదే.

అద్దంకికి నాలుగు మైళ్ళ దూరంలో, గుండ్లకమ్మ ఏటికి ఇవతల దాసుపాలెం వాళ్ళ ఊరు. ఆదాం తల్లి పుల్లమ్మ మిరప కోతలకని గుంటూరు వైపు వెళ్ళిన ఏడు అక్కడే జ్వరంతో పోయింది. అప్పటికి ఆదాంకి ఆరేళ్ళు, అక్క ఎలీసమ్మకి పదహారు. తండ్రి అంకయ్య మంచివాడే గానీ పొలం పని తప్ప మరొకటి ఎరగడు. తమ్ముడికి నీళ్ళు పోసి, తల దువ్వి, అన్నం కలిపి పెట్టి పెంచింది ఎలీసమ్మే. రెండేళ్ళ తర్వాత ఆ ఊళ్ళోనే ఉండే మిషన్ స్కూలు మాస్టారు ప్రేమదాసు ఆమెను చేసుకుంటానని కబురు పంపితే ఆమె ఒక్కటే అడిగింది. తమ్ముణ్ణి తన వెంట తెచ్చుకుంటానంది.

"తెచ్చుకో. వాణ్ణి నేను చదివిస్తా," అన్నాడు ప్రేమదాసు.

చదివించాడు కూడా. సైకిలు వెనక కూర్చోబెట్టుకుని రోజూ బడికి తీసుకెళ్ళాడు. మందు సీసాల మీది కాగితాలు, సబ్బు పెట్టెలు, చర్చి క్యాలెండరు, ఏది కనపడితే దాని మీద అక్షరాలు చూపించి చదవమనేవాడు. హైస్కూల్లో చేర్చే గడువు దాటిపోయిందని హెడ్మాస్టరు పొమ్మంటే, ఎండలో ఆ వరండాలోనే మధ్యాహ్నం దాకా నిలబడి సీటు సంపాదించాడు. 1976లో ఆదాం పదో తరగతి పాసయ్యాడు. ఆ పల్లెలో పదో తరగతి పాసైన మొదటివాడు అతనే. ఆ ఆదివారం చర్చిలో ప్రేమదాసు అందరి ముందూ అతని భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

పై చదువు సాగలేదు. అంకయ్యకి కాలూ చెయ్యీ పడిపోయాయి. ఆదాం తండ్రి దగ్గరికి తిరిగి వచ్చేసి, అద్దంకిలో బాపయ్య గారి జిన్నింగు మిల్లులో కూలీగా చేరాడు. రైతులు తెచ్చిన పత్తిని యంత్రాలకు అందించడం, గింజ వేరయ్యి వచ్చిన దూదిని తొక్కి బేళ్ళు కట్టడం, ఇదీ పని. సాయంత్రానికి కనుబొమ్మలు కూడా తెల్లబడిపోయేవి.

ఆ మిల్లులో అలీ సాహెబ్ అని ఒక ముసలాయన ఉండేవాడు. రైతు బండి ఆగగానే బస్తాలోకి చెయ్యి పెట్టి, లోపల్నుంచి గుప్పెడు పత్తి లాగి, దాని రకమేదో, తేమ ఎంతో, దూది ఎంత దిగుతుందో చెప్పడం ఆయన పని. ఆయన మాట మీదే బేరం నడిచేది. చిటికెడు దూదిని రెండు బొటనవేళ్ళ మధ్య పట్టుకుని లాగుతాడు. మళ్ళీ కలిపి మళ్ళీ లాగుతాడు. పోగులన్నీ ఒక్క వరసకి వచ్చాక నల్లగుడ్డ మీద పరిచి పొడవు చెప్పేస్తాడు. ఆదాం తీరిక దొరికినప్పుడల్లా వెళ్ళి ఆయన పక్కన నిలబడేవాడు.

"ఏందయ్యా అట్టా చూస్తన్నావ్?" అన్నాడు ఆయన ఒకరోజు.

"నాకూ చూపిస్తారేమోనని సాయిబుగారూ."

"చూపిస్తే వచ్చేది కాదు. ఇదిగో, పట్టుకో."

ఆరేళ్ళు పట్టుకున్నాడు. వరలక్ష్మి రకం పత్తికీ ఎంసీయూ ఫైవ్ రకానికీ తేడా కళ్ళు మూసుకుని చెప్పగలిగేవాడు. పైన మంచి పత్తి పరిచి అడుగున మంచుకి తడిసింది పెడితే, బస్తాని బయటినుంచి అరచేత్తో నొక్కి చెప్పేవాడు. అలీ సాహెబ్‌కి చూపు మందగించాక పేరుకి ఆయన కుర్చీలో కూర్చునేవాడు గానీ, బస్తాలోకి వెళ్ళే చెయ్యి మాత్రం ఆదాందే. మిల్లు హాజరుపట్టీలో అతను కూలీగానే ఉన్నాడు.

1983లో, వానాకాలం మొదట్లో, అద్దంకి సమితి ఆఫీసు బోర్డు మీద ఒక నోటీసు అంటించారు. ఒంగోలు, గుంటూరు జిల్లాలకి కలిపి కొత్తగా పెట్టిన పత్తి రైతుల సహకార సంఘంవాళ్ళు వేసింది. ఇంగ్లీషులో ఉంది. 'కాటన్', 'అసిస్టెంట్ గ్రేడర్', 'వన్ పోస్ట్' అన్న మాటలు ఆదాంకి తెలిశాయి, అలీ సాహెబ్ చేసే పనే అది. 'ఎస్సెస్సీ' అంటే పదో తరగతని కూడా తెలిసింది. మిగతావి పెద్ద పెద్ద మాటలు. అక్షరాలు కూడబలుక్కున్నా అర్థం అందలేదు. పక్కన కిళ్ళీ కొట్లో కాగితం అడిగి తీసుకుని, ఉన్నది ఉన్నట్టు, గీత కింద గీతతో సహా దించుకున్నాడు. దానికి గంట పట్టింది.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక ఆ కాగితం తీసుకుని బావ ఇంటికి వెళ్ళాడు. ప్రేమదాసు వరండాలో మడత కుర్చీలో కూర్చుని చదివాడు. చివరిదాకా చదివి, మళ్ళీ మొదటికి వచ్చాడు. కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నాడు.

"పని మంచిదేరా. సంఘం పని, నెల జీతం. కానీ కావలసిన అర్హతలు చాలా రాశారు."

"ఏం రాశారు బావా?"

"పదో తరగతి పాసవ్వాలి. పత్తి చూట్టం రావాలి, దానికి చేతి పరీక్ష పెడతారు. వ్యవసాయంలో డిప్లొమా. టైపులో లోయరు పరీక్ష."

ఆదాం కాగితం మీదికి వంగాడు. "రెండు వరసల్లో రాశారు గదా బావా. పైన రెంటికీ ఒక మాట పెట్టారు, కింద రెంటికీ ఇంకో మాట పెట్టారేంది?"

"పైవి ముందు చూస్తారు, కిందవి తర్వాత చూస్తారు. అంతే."

"అయితే నాలుగూ ఉండాలా?"

"కావలసినవి అని రాసినాక నాలుగూ గాక ఇంకేంది?" అని ప్రేమదాసు కాగితాన్ని మడిచాడు. "దిగులు పడబాకు. టైపు నేర్చుకో. ఆ డిప్లొమా సంగతి నేను కనుక్కుంటా. ఇది గాకపోతే ఇంకోటి వచ్చుద్ది."

మడిచిన కాగితం ఆయన జేబులోకి వెళ్ళింది. ఆదాం దాన్ని తిరిగి అడగలేదు. ఇంకొకరికి చూపించాలని కూడా తోచలేదు. ఇంగ్లీషు అంటే అతనికి బావే.

నాలుగు రోజులకి ప్రేమదాసు తమ్ముడు దానయ్య వాళ్ళ సొంతూరినుంచి దిగాడు. ఆదాంకంటే రెండేళ్ళు చిన్న. పదో తరగతి పాసై, ఎక్కడా కుదురు లేక, కొత్తపట్నంలో చుట్టాల దగ్గర కొన్నాళ్ళు, ఇంటి దగ్గర కొన్నాళ్ళు తిరుగుతున్నాడు. ప్రేమదాసు ఆదాంని పిలిపించాడు.

"వీడికి ఏదన్నా మిల్లులో పని చూడాలిరా. పత్తి చూట్టం నేర్పిస్తే నాలుగు మెతుకులు తింటాడు. నీకు తెలిసిందంతా చెప్పు."

బావ ఏదైనా అడగడం ఆదాంకి అదే మొదటిసారి. ఇన్నేళ్ళూ ఆయన ఇచ్చిందే గాని తాను చేసింది లేదు. పొద్దున్నే మిల్లుకి వెళ్ళేముందు రెండు గంటలు, పని దిగాక రెండు గంటలు, బావ ఇంటి వరండాలో దానయ్యని ఎదురుగా కూర్చోబెట్టుకుని నేర్పాడు. మిల్లులోంచి అయిదారు రకాల దూది పొట్లాలు కట్టి తెచ్చాడు. దానయ్య వేళ్ళు మొరటువి, పోగు లాగితే తెగిపోయేది. ఆదాం అతని బొటనవేళ్ళు తన చేతుల్లోకి తీసుకుని ఎంత నెమ్మదిగా లాగాలో చూపించాడు. అలీ సాహెబ్ తనకి ఏడాదికోటి చొప్పున చెప్పిన కిటుకులన్నీ అతనికి పదిహేను రోజుల్లో చెప్పేశాడు. రెండు పూటలా ఎలీసమ్మ ఇద్దరికీ పక్కపక్కనే కంచాలు పెట్టింది.

దసరా సెలవులు అయ్యేసరికి దానయ్యకి గుంటూరు దగ్గర పెదకాకానిలో ఏదో గోడౌనులో పని దొరికిందని తెలిసింది. ఏ పని అని ఆదాం అడిగితే, "గోడౌన్లో పని," అంది ఎలీసమ్మ. తను నేర్పింది ఒకడికి అక్కరకొచ్చిందని ఆదాం ఆ వారమంతా సంతోషంగా తిరిగాడు. మిల్లులో అలీ సాహెబ్‌కి కూడా చెప్పుకున్నాడు.

తర్వాత మూడేళ్ళు బావ చెప్పినట్టే నడుచుకున్నాడు. అద్దంకి బస్టాండు వెనక గౌస్ బాషా గారి టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేరాడు. పొద్దున ఆరింటి బ్యాచి. బేళ్ళు కట్టి కాయలు కాసిన వేళ్ళు మీటల మీద కదలక, మొదటి ఆర్నెల్లు మిగతావాళ్ళ చప్పుడు వింటూ కూర్చోవడమే సరిపోయింది. ఒకసారి ఫెయిలయ్యాడు. 1985లో లోయర్ పాసయ్యాడు. పాసయ్యాక కూడా, చెయ్యి పోకుండా పొద్దున బ్యాచికి వెళుతూనే ఉన్నాడు. మధ్యలో పెళ్ళయింది. భార్య జయకుమారిది చీరాల వైపు. డిప్లొమా మాట ఎప్పుడెత్తినా ప్రేమదాసు, "కనుక్కుంటున్నా," అనేవాడు.

1986 ఆగస్టులో ఒక పొద్దున్నే, బ్యాచి ఇంకా మొదలవకముందు, గౌస్ బాషా ఆదాంని తన బల్ల దగ్గరికి పిలిచాడు. ఆఫీసుల కాగితాలు టైపు చేసి ఇవ్వడం కూడా ఆయన వ్యాపారమే.

"సంఘంవాళ్ళు మళ్ళీ గ్రేడర్లని తీసుకుంటున్నారయ్యా. ఈసారి రెండు పోస్టులు. నోటీసు నాకే ఇచ్చారు టైపు కొట్టమని. నువ్వు అప్లికేషను పెట్టు."

"నాకు టైపు ఉంది సార్. డిప్లొమా లేదు గదా."

"డిప్లొమా ఎవరడిగారు?"

"నోటీసులో ఉంటది గదా సార్."

గౌస్ బాషా కాగితాన్ని అతని వైపు తిప్పి, గోరుతో ఒక మాట కింద గీశాడు. "ఇది చదువు. ఎసెన్షియల్. అంటే ఉండి తీరాల్సినవి. వీటిలో ఒక్కటి తక్కువైనా అప్లికేషను పక్కన పడేస్తారు. ఏమున్నాయి? పదో తరగతి, పత్తి చూడటం. నీకు రెండూ ఉన్నాయి. ఇప్పుడు కింద మాట చూడు. డిజైరబుల్. ఉంటే మంచిదని. డిప్లొమా, టైపు. అవి లేవని నిన్ను ఎవడూ గుమ్మం దగ్గర ఆపడు. ఇద్దరు దగ్గర దగ్గరగా తేలితే అవి ఉన్నవాణ్ణి ముందు తీసుకుంటారు."

ఆదాం ఆ మాటనే చూస్తున్నాడు. "ఈసారి మార్చారా సార్? పోయినసారి నాలుగూ ఉండాలని రాశారు."

"పోయినసారిది కూడా నేనే కొట్టానయ్యా." ఆయన లేచి, అరలోంచి దారం కట్టిన కట్ట తీసి, కాసేపు వెతికి ఒక కార్బన్ కాపీ లాగాడు. నీలం అక్షరాలు కొంచెం అలుక్కుపోయాయి. "చూసుకో. తేదీ, పోస్టుల లెక్క తప్ప తేడా లేదు."

ఆదాం చూసుకున్నాడు. రెండు వరసలు. పైన ఒక మాట, కింద ఒక మాట. గంటసేపు బోర్డు దగ్గర నిలబడి ఒక్కో అక్షరం దించుకున్నవే.

"అప్పుడు పదిహేనో ఇరవయ్యో అప్లికేషన్లు వచ్చాయంతే. డిప్లొమా ఉన్నవాడు ఒక్కడూ రాలేదని ఆఫీసు గుమస్తా చెప్పాడు," అన్నాడు గౌస్ బాషా. "మీ దానయ్యకి ఏముంది? ఉత్త టెన్త్. చేతి పరీక్షలో గట్టెక్కాడు, పని వచ్చింది. ఆ అప్లికేషను కూడా ఇక్కడే కొట్టించారు. మీ మాస్టారు ఆ కుర్చీలోనే కూచుని..."

అక్కడ ఆగిపోయాడు. ఆదాం మొహం చూశాడు.

"నీకు తెలుసనుకున్నానయ్యా," అన్నాడు మెల్లిగా.

"దానయ్య గోడౌన్లో గదా సార్?"

"సంఘం గోడౌనులో. అసిస్టెంట్ గ్రేడరు."

ఆ రోజు ఆదాం మిల్లుకి వెళ్ళలేదు. చేరినప్పటినుంచీ, తండ్రి పోయినప్పుడు తప్ప, అతను పని ఎగ్గొట్టింది లేదు. దాసుపాలెం దాకా నడిచే వెళ్ళాడు. ఒక బస్సు పక్కనే ఆగి హారన్ కొట్టినా ఎక్కలేదు. ఆయన పొరపాటున చదివాడేమో అని దారిలో ఒకసారి అనుకున్నాడు. ఆ అనుకున్నది మైలు రాయి దాకా కూడా రాలేదు. దానయ్యకి సరిగ్గా చదివిన మనిషి తనకి తప్పు చదవడు.

ఎలీసమ్మ వరండాలో చాప వేసుకుని ఎండుమిరపకాయలకి తొడిమలు తీస్తోంది.

"ఈ టైములో వచ్చావేందిరా? ఒంట్లో బాగుండలా?"

"అక్కా, దానయ్య ఏం పని చేస్తన్నాడు?"

ఆమె చెయ్యి ఆగింది. "ఎవరు చెప్పారు?" అంది.

ఆదాం మెట్టు మీద కూలబడ్డాడు. దారి పొడుగునా అనుకున్నవన్నీ బావ గురించే. అక్క గురించి ఏమీ అనుకోలేదు. ఆ రెండు మాటలు విన్నాకే ఆమె కూడా ఇందులో ఉందని తెలిసింది.

"నీకు ఎప్పట్నించి తెలుసు?"

"దానయ్య బట్టల సంచీ తీసుకుని దిగిన రోజు చెప్పాడు ఆయన."

"అయితే నేను వాడి చెయ్యి పట్టుకుని నేర్పతా ఉంటే నువ్వు చూస్తానే ఉన్నావు."

"అన్నం పెట్టాను గదరా ఇద్దరికీ," అంది ఎలీసమ్మ. ఏమంటోందో ఆమెకే తెలిసినట్టు లేదు. తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకోబోయి, చేతికి మిరప ఘాటు ఉందని గుర్తొచ్చి ఆగిపోయింది. "మా అత్త ఇక్కడికొచ్చి ఏడ్చింది. బావమరిదిని మనిషిని చేశావు, తోడబుట్టినోణ్ణి గాలికొదిలేశావని ఆయన్ని పట్టుకుని ఏడ్చింది. ఆదాం ఆ పరీక్షకి పోతే మావాడు అక్కడ కూచోవడం కూడా దండగ అన్నాడు ఆయన. వాడికి మిల్లులో పని ఉంది, వీడికి ఏమీ లేదు అన్నాడు. నేనేం చెప్పను? నిన్ను చదివించిన మనిషి. నీకోసం ఎండలో నిలబడిన మనిషి."

"ఒక్క మాట చెప్పుంటే నేనే పెట్టకుండా ఊరుకునేవాణ్ణి గదా. దానయ్యకి కావాలంట, నువ్వు ఆగరా అంటే ఆగేవాణ్ణి."

"నాకు తెలుసురా."

"తెలిసీ చెప్పలేదా?"

కింద పడిన తొడిమలు ఏరి కుప్పలో వేసింది.

మధ్యాహ్నం బడినుంచి ప్రేమదాసు వచ్చాడు. ఇద్దరి మొహాలూ చూడగానే ఆయనకి అర్థమైంది. సైకిలు స్టాండు వేసి, చెప్పులు విప్పి, నిదానంగానే కూర్చున్నాడు.

"నేను అబద్ధం చెప్పలేదురా ఆదాం," అన్నాడు. "కావలసిన అర్హతలు అన్నాను. డిజైరబుల్ అంటే కావలసినది అనే. కావాలంటే చూసుకో." లోపలికి వెళ్ళి, అట్ట చిరిగిన నిఘంటువు తెచ్చి, పేజీలు తిప్పి, వేలు పెట్టి చూపించాడు. నిజంగానే అక్కడ 'కోరదగిన, కావలసిన' అని ఉంది.

ఆదాం పుస్తకం వైపు చూడలేదు. "దానయ్యకి ఏమని చదివి చెప్పారు బావా?"

ప్రేమదాసు వేలు పేజీ మీదే ఉండిపోయింది. పుస్తకం మూశాడు. మూశాక గొంతు పెంచాడు.

"ఇప్పుడు నన్ను నిలదీస్తన్నావా? నేను లేకపోతే నీకు ఈ మాట అడగడానికి అక్షరం ముక్క వచ్చుండేదా?"

"రాదు. అందుకే గదా మిమ్మల్నే అడిగింది."

అని లేచాడు. అరవలేదు, తిట్టలేదు. అరిచుంటే బాగుండేదని ఎలీసమ్మ తర్వాత చాలామందితో అంది.

గౌస్ బాషా దగ్గర కూర్చుని అప్లికేషను తనే టైపు చేసుకున్నాడు. ఎసెన్షియల్ అన్న చోట రెండూ రాశాడు. డిజైరబుల్ అన్న చోట టైపు లోయరు రాసి, డిప్లొమా పక్కన 'లేదు' అని కొట్టాడు.

సెప్టెంబరులో ఒంగోలులో పరీక్ష. పొడవాటి గదిలో బల్లల మీద నల్లగుడ్డలు పరిచి, అయిదు పొట్లాల చొప్పున పెట్టారు. అయిదింటి పొడవు, గట్టితనం, తేమ, చెత్త ఎంతుందో రాయాలి. వచ్చినవాళ్ళు ఎనభైమందికి పైనే. చాలామంది డిప్లొమా చదివిన కుర్రవాళ్ళు. ఫైళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఈ మూడేళ్ళలో ఆ చదువు చదివినవాళ్ళూ పెరిగారు, సంఘం పేరూ తెలిసింది.

పొట్లాలు పంచుతున్నవాళ్ళలో దానయ్య ఉన్నాడు. ఆదాం బల్ల దగ్గరికి వచ్చేసరికి అతను చూపు తిప్పుకుని పెట్టబోతే ఒక పొట్లం ఊడింది. ఆదాం దాన్ని మళ్ళీ కట్టి పక్కన పెట్టుకున్నాడు. తర్వాత అరగంటపాటు అతనికి దూది తప్ప మరొకటి లేదు. అయిదో పొట్లంలో రెండు రకాలు కలిపారు. కలిపారని రాసి, ఏ రెండో కూడా రాశాడు. పరీక్ష పెట్టిన అధికారి ఆ కాగితం తీసుకుని, "నువ్వు ఎక్కడ నేర్చుకున్నావు?" అని అడిగాడు. అలీ సాహెబ్ పేరు చెప్పాడు ఆదాం.

బయట పంపు దగ్గర నీళ్ళు తాగుతుంటే దానయ్య వచ్చి నిలబడ్డాడు.

"బావా, నువ్వు పెట్టనన్నావని చెప్పాడు అన్నయ్య. ఊరొదిలి రావటం నీకు ఇష్టం లేదన్నాడు. నేను అదే అనుకున్నా."

"నమ్మావా?"

దానయ్య వంగి పంపు కింద చేతులు కడుక్కోసాగాడు.

"నా దగ్గర పదిహేను రోజులు కూచున్నావు. ఒక్కసారన్నా, బావా నువ్వెందుకు పెట్టలేదు అని అడిగావా?"

"అడిగితే నువ్వు పెడతావేమోనని భయమేసింది," అన్నాడు దానయ్య.

ఆ మాట నిజమని ఆదాంకి తెలిసింది. వాళ్ళ ముగ్గురిలో నిజం చెప్పింది వీడొక్కడేనని కూడా అనిపించింది. అయినా దానయ్య చాపిన చెయ్యి పట్టుకోలేదు. కొళాయి కట్టేసి బస్సు దగ్గరికి నడిచాడు.

నవంబరులో ఉత్తరం వచ్చింది. దాన్ని ఆదాం ఎవరిదగ్గరికీ తీసుకెళ్ళలేదు. తనే చదువుకున్నాడు. ఎంపిక కాలేదు. చేతి పరీక్షలో అతను మొదటివాడేనని సంఘం ఆఫీసు గుమస్తా ద్వారా తెలిసింది. కానీ అతనికి దగ్గర దగ్గరగా మార్కులు వచ్చిన ఇద్దరికి డిప్లొమాలు ఉన్నాయి. దాని బలంతో వాళ్ళు పైకి వెళ్ళారు. గౌస్ బాషా చాలా బాధపడ్డాడు.

"అన్యాయం చేశారయ్యా."

"లేదు సార్. రాసిందే చేశారు. దగ్గర దగ్గరగా తేలితే డిప్లొమా ఉన్నవాణ్ణి ముందు తీసుకుంటారని మీరే చెప్పారు," అన్నాడు ఆదాం. "ఎనభై మూడులో ఎవరికీ లేదు. అది నా పోస్టు."

ఇంటికి వెళ్ళి జయకుమారికి చెప్పాడు. ఆమె ఉత్తరం తిరగేసి మరగేసి చూసి, "ఆ చేతి పరీక్షలో నువ్వే ఫస్టని ఇందులో ఎక్కడన్నా రాశారా?" అని అడిగింది. రాయలేదన్నాడు. ఆ సంగతి గుమస్తా నోటి మాటగా చెప్పిందే.

అలీ సాహెబ్ మరుసటి ఏడు మంచాన పడ్డాడు. మిల్లులో ఆయన కుర్చీ ఆదాంకి ఇచ్చాడు బాపయ్య. ఆ కాలంలో తెల్లదోమ వచ్చి చేలన్నీ మాడి, పత్తి జిగురుపట్టి నల్లబడి వచ్చేది. రైతులు మొహాలు వేలాడేసుకుని బండ్ల పక్కన నిలబడేవాళ్ళు. ఆదాం ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు, ఎవరి మొహం చూసీ మాట మార్చలేదు. ఒకసారి దానయ్య పెదకాకానినుంచి మనిషి చేత నాలుగు పొట్లాలు పంపాడు, తను పాస్ చేసిన పత్తి మీద ఫిర్యాదు వచ్చిందని, ఒకసారి చూసి చెప్పమని. ఆదాం చూశాడు. నాలుగూ పనికిరానివే. ఆ సంగతి చీటీ మీద రాసి పంపించాడు. క్షేమమని గాని, ఎలా ఉన్నావని గాని అందులో రాయలేదు.

బావ ఇంటికి మాత్రం వెళ్ళలేదు. ఎలీసమ్మే అప్పుడప్పుడూ వచ్చేది. కూరగిన్నె తెచ్చి జయకుమారికి ఇచ్చి, పిల్లని కాసేపు ఎత్తుకుని, ఆదాం వచ్చేలోగా వెళ్ళిపోయేది. ఎప్పుడైనా ఎదురుపడితే, "బాగున్నావా అక్కా," అనేవాడు. "బాగున్నా నాయనా," అనేది.

ఆదివారాలు మాత్రం అందరూ ఒక్క చర్చికే. అక్కడ బైబిలు వాక్యం చదివేది ప్రేమదాసే. గొంతు ఇంకా గట్టిగానే ఉంది, చదువుతుంటే గుడి అంతా నిశ్శబ్దమైపోయేది. చిన్నప్పటినుంచీ ఆదాం ఆ గొంతు విని కళ్ళు మూసుకుని తలవంచేవాడు. ఇప్పుడు అతను వెనక వరసలో కూర్చుని, ఒళ్ళో బైబిలు తెరిచి పెట్టుకుని, ఆయన చదివే ప్రతి మాట కిందా వేలు నడుపుతున్నాడు. ఒక్క మాట తేడా వస్తుందేమోనని చూస్తున్నాడు. ఎప్పుడూ రాలేదు. అయినా వేలు తియ్యడు.

ఆడవాళ్ళ వైపు కూర్చున్న ఎలీసమ్మ అది గమనించింది. ఒక ఆదివారం ఆమె ఆరాధన మధ్యలోనే లేచి బయటికి వచ్చి, గోడ వారగా చెప్పుల దగ్గర నిలబడిపోయింది. లోపల ప్రేమదాసు చదువుతూనే ఉన్నాడు.